టైమ్ లేదని రాసిన మీకు

నిజామాబాదు

ప్రియమైన పాఠకులకు,

ఈ మధ్య వచ్చే మీ ఉత్తరాల్లో చివరి వాక్యం దాదాపు ఒకటే ఉంటోంది. "చదవాలని మస్తుంటది, టైమే దొరుకతలేదు." ఆర్మూరు దిక్కు నుంచి పసుపు రైతు రాస్తారు, బోధన్ నుంచి టీచరమ్మ రాస్తారు, వర్ని దగ్గరి ఒక క్యాంపు నుంచి పెళ్ళై ఏడాది కూడా కాని అమ్మాయి రాస్తుంది, షార్జాలో లారీ నడిపే తమ్ముడు వాట్సాప్‌లో వాయిస్ పెడతాడు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాస్తూ కూర్చుంటే నాకూ చదవడానికి టైమ్ మిగలదు కాబట్టి అందరికీ కలిపి ఈ ఉత్తరం.

టైమ్ లేదనడం వట్టి సాకు అనేవాళ్ళలో నేను లేను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంట చదవండి, ఏడాదికి యాభై పుస్తకాలని గోడ మీద రాసి పెట్టుకోండి అనే సలహాలు మీరూ చూసే ఉంటారు. అవి రాసేవాళ్ళకు పొద్దున్నే చాయ్ ఇంకెవరో పెట్టి ఇస్తారని నా అనుమానం. మన దగ్గర నాలుగింటికి లేచే ఆడవాళ్ళు లేక కాదు. లేచి, వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, పిల్లల డబ్బాలు కట్టేసరికి ఎండ గడపలోకి వస్తుంది. ఇక లెక్క కోసం చదివేది కరెంటు మీటరు. నవలను అట్లా చదవడం నాకు చేతకాదు.

పోనీ, ఖాళీ దొరికితే చదువుతామా? ఆ నమ్మకమూ నాకు లేదు. బోధన్‌లో శక్కర్‌నగర్ ఉంది కదా. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళం. నిజాంసాగర్ కాలువ నీళ్ళు, ఆ నీళ్ళకు చెరుకు, ఆ చెరుకుకు ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీకి మూడు షిఫ్టులు. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. ఆ తర్వాత శక్కర్‌నగర్ కార్మికుల దగ్గర ఉన్నంత ఖాళీ జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేదు. వాళ్ళలో ఒక పెద్దాయన నాకు తెలుసు. డ్యూటీ రోజుల్లో నైట్ షిఫ్టుకు పోయే ముందు నవల నాలుగు పేజీలైనా తిప్పిన మనిషి. మూతపడ్డాక పుస్తకం ముట్టలేదు. అడిగితే, "ఇంటి ఖర్చు మనసుల తిరుగుతుంటే అక్షరం ఎక్కుతదా అమ్మా" అన్నాడు.

అందుకే నేను ఖాళీని వెతకడం మానేశాను. ఒక పని నడుస్తూనే ఉంటుంది, కానీ ఆ పని మన కళ్ళనో చెవులనో కాసేపు వదిలేస్తుంది. ఆ సందులోనే చదువు పడుతుంది. మిగతా ఉత్తరమంతా ఆ సందుల గురించే.

మన ప్రాంతంలో వాటికి కొదవ లేదు. ఎదురుచూడటంలో మనది తరాల అనుభవం. క్రషింగ్ సీజన్లో చెరుకు బండ్లు తోలుకొచ్చినవాళ్ళు ఫ్యాక్టరీ గేటు బయట వరుస కట్టి, ఎడ్లకు మేత వేసి, చలిమంట కాచుకుంటూ కాంటా కోసం రాత్రంతా కూర్చునేవారు. ఇప్పుడు చాలా పొలాల్లో చెరుకు పోయి వరి వచ్చింది, కూర్చోవడం మాత్రం పోలేదు. కొనుగోలు కేంద్రం దగ్గర వడ్లు ఆరబోసి తేమ 17 శాతానికి దిగేదాకా, టోకెన్ వచ్చేదాకా, హమాలీలు దొరికేదాకా, ఆఖరికి లారీ వచ్చేదాకా టార్పాలిన్ పక్కనే ఉండాలి. నిజామాబాదు యార్డులో పసుపు కుప్ప ముందు కూర్చున్న రైతు ధర తేలేదాకా లేవలేడు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మన ఊరికే వచ్చింది. ధర సంగతి బోర్డు చూసుకుంటుందేమో గానీ, కుప్ప దగ్గర కాపలా మాత్రం మనదే.

ఆ వేళల్లో ఇప్పుడు అందరి చేతిలోనూ ఫోనే. ఫోన్‌ను తిట్టడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. కొడుకు గల్ఫ్‌లో ఉన్న తల్లికి ఫోన్ ఏమిటో నాకు తెలుసు. కానీ ఒక్క మాట. పుస్తకం కన్నా ఫోన్ ఎక్కువ నచ్చి కాదు మనం దాన్ని తీసేది, అది జేబులో ఉంటుంది కాబట్టి. పుస్తకం ఇంట్లో, షోకేసులో, గాజు తలుపు వెనక, పెళ్ళిలో వచ్చిన స్టీలు గ్లాసుల పక్కన ఉంటుంది. వడ్ల కాడికి పోయే సంచిలో సద్ది, నీళ్ళ సీసా, టార్చి లైటు వేసుకుంటాం కదా, వాటితోపాటు ఒక పలుచని పుస్తకం వేయండి. దుమ్ము పట్టనీయండి, అంచులు మడతపడనీయండి. నా దగ్గర బాగా చదివిన పుస్తకాలన్నీ చూడ్డానికి అధ్వానంగా ఉంటాయి.

నిజామాబాదు నుంచి బోధన్ బస్సు సంగతి వేరే చెప్పాలి. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. రోజూ పోయి వచ్చే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ పిల్లలు ఎంతమందో. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి సీటు దొరికితే పండగే. దొరికిన రోజు చదవండి, నిలబడ్డ రోజు ఊరుకోండి. తెలుగు నవల పేజీకి రెండు నిమిషాలు పడుతుందనుకుందాం. పోయేటప్పుడు పది పేజీలు అవుతాయి. వచ్చేటప్పుడు అలసటతో కిటికీకి తల ఆనించి నిద్రపోయినా సరే, నెల తిరిగేసరికి రెండువందల పేజీల నవల అయిపోతుంది. బోధన్ టీచరమ్మా, మీ లెక్కల క్లాసులో పిల్లలకు ఇదే లెక్క ఇవ్వండి. కండక్టరు ఇచ్చే జీరో టికెట్ పేజీ గుర్తుకు బాగా పనికొస్తుంది. కదిలే బండిలో అక్షరాలు చూస్తే కడుపులో తిప్పేవాళ్ళు ఈ పేరా వదిలేయండి.

బస్సుకు నా ఓటు కథలకే. ఎడపల్లి దాటేసరికి కథ అయిపోతే, మిగతా దారంతా దాన్ని నెమరేసుకోవచ్చు. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథలు ఇట్లాంటి ప్రయాణానికి సరిగ్గా సరిపోతాయి.

ప్రయాణికుల చేతికి పుస్తకం ఇవ్వాలన్న ఆలోచన ఎప్పటిదో. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య తిరిగే పడవలో గ్రంథాలయం నడిపించారు. పడవ నిదానంగా పోతుంది. రెండు వైపులా చూసిన గట్లే మళ్ళీ మళ్ళీ కనబడతాయి. అప్పుడు చేతిలో పుస్తకం పెడితే వద్దనేవాళ్ళెవరు? మన ఆర్టీసీ బస్సులో ప్రథమ చికిత్స పెట్టె ఉంటుంది. దాని పక్కన నాలుగు పుస్తకాల అర పెడితే ఎంత ఖర్చని?

ఇప్పుడు కష్టమైన ఉత్తరం దగ్గరికి వస్తాను. బోధన్ పక్క ఊరి నుంచి ఒక చెల్లె రాసింది. "అక్కా, పది ఫస్ట్ క్లాసుల పాసైన. ఇప్పుడు బీడీలు చేస్త. కండ్లు ఆకు మీద, చేతులు తంబాకుల. పుస్తకం ఏడ పట్టుకోవాలె?"

బస్సు సలహా, వడ్ల సలహా ఈమెకు పనికిరావు. నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల దిక్కు ఊళ్ళలో వాకిట్లో ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు కనబడని వీధి అరుదు. కూలి వెయ్యి బీడీల లెక్కన. తునికాకు తడపాలి, కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, కట్టలు చేసి కార్ఖానాలో ఇచ్చి రావాలి. అక్కడ బాగా లేవని పక్కన పడేసినవి మన లెక్కలోంచి పోతాయి. కాబట్టి కన్ను తిప్పడానికి లేదు. సాయంత్రం టీవీ సీరియల్ నడుస్తుంటే గమనించండి, బీడీలు చేసే ఆమె సీరియల్ చూడదు, వింటుంది. అత్త ఏమన్నదో కోడలు ఏమన్నదో తల ఎత్తకుండానే తెలుసు. అంటే చెవులు ఖాళీగానే ఉన్నాయి. వాటికి ఇప్పటిదాకా సీరియల్ తప్ప ఇంకేదీ ఎవరూ పెట్టలేదు, అంతే.

సరిగ్గా ఇదే సంగతి మనకు చాలా దూరంలో, క్యూబాలో చుట్టలు చుట్టేవాళ్ళకు తోచింది. 1865లో హవానా నగరంలో ఎల్ ఫిగారో అనే చుట్టల ఫ్యాక్టరీలో కార్మికులు తమలో ఒకరిని పని ఆపి గట్టిగా చదవమన్నారు. చదివే మనిషికి ఆ రోజు కూలి పోకుండా మిగతావాళ్ళు చూసుకున్నారు. తర్వాత తర్వాత అది ఒక ఉద్యోగమే అయింది, జీతం కార్మికుల జేబుల్లోంచి. పొద్దున వార్తాపత్రిక, ఆ తర్వాత నవల. ఏ నవల చదవాలో ఓటు వేసి తేల్చుకునేవారు. చదువు వినే కార్మికుడు ప్రశ్నలు అడుగుతాడని అప్పటి స్పెయిన్ సర్కారుకు భయం పట్టుకుని, మరుసటి ఏడాదే నిషేధించింది. కొన్నాళ్ళకు మళ్ళీ మొదలైంది, ఈనాటికీ నడుస్తోంది. 1935లో వచ్చిన మోంటెక్రిస్టో అనే చుట్టకు ఆ పేరు డ్యూమా నవల నుంచి వచ్చింది. చుట్టలు చుడుతూ కార్మికులు అంతగా మెచ్చి విన్న నవల అది. మన బీడీ కట్టల మీద దేవుళ్ళ బొమ్మలు, జంతువుల బొమ్మలు, షేట్ల పేర్లు చూశాను. నవల పేరు ఇంకా చూడలేదు.

కాబట్టి చెల్లే, నీకు చెప్పేది ఇది. ఆరుగురు ఒక అరుగు మీద కూర్చుని చేస్తుంటారు కదా. రోజుకొకరు గంటసేపు చాట పక్కన పెట్టి చదవండి. గంటలో ఆమెకు పోయేది వంద బీడీలు అనుకుందాం. మిగతా ఐదుగురు తలా ఇరవై చేసి ఆమె చాటలో వేస్తే లెక్క సరి. ఫస్ట్ క్లాసులో పాసైన గొంతు ఒకటి అరుగు మీద ఉండగా ఇంకొకరి కోసం చూడాల్సిన పని లేదు. చదివేటప్పుడు మన మాట తీరులోకి తిప్పి చదివినా తప్పు లేదు. ఎవరూ మార్కులు వేయరు.

ఫోన్లో కథలు వినిపించేవి ఉన్నాయి, ఆకాశవాణి నిజామాబాదు ఉంది. ఒక్కదానివే కూర్చున్న రోజు అవి పెట్టుకో. కానీ పక్కన మనిషి చదువుతుంటే "ఆగాగు, గామె ఎవలు? ముందుగాల చచ్చిపోయినోని అక్కనా?" అని మధ్యలో అడగొచ్చు. ఫోన్ ఆ ప్రశ్నకు ఆగదు. నా మట్టుకు నాకు కథలో సగం రుచి ఆ ప్రశ్నల్లోనే ఉంది.

ఇదేదో క్యూబా నుంచి కొత్తగా తెచ్చింది అనుకోకండి. గుడి అరుగు మీద ఒకరు భాగవతం చదివి అర్థం చెబుతుంటే పదిమంది వినడం, తెల్లవార్లూ ఒగ్గుకథ వినడం మన ఊళ్ళకు ఎప్పుడూ ఉన్నదే. నోరు మూసుకుని, ఒంటరిగా, కదలకుండా కూర్చుని చదివితేనే చదువు అన్న పట్టింపు బడి నుంచి వచ్చింది. ఆ పట్టింపు వదిలితే ఎంత టైమ్ బయటపడుతుందో చూడండి. వంటింట్లో ఉల్లిగడ్డలు తరిగేటప్పుడు ఎనిమిదో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టి తెలుగు వాచకంలో ఉపవాచకం చదవమనండి. దానికి హోంవర్కు అవుతుంది, మీకు కథ అవుతుంది.

టైమ్ లేని మనిషి అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లాలో పేద ఇంట్లో పుట్టాడు. ఇళ్ళలో వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడు. హోటల్లో సర్వరుగా పనిచేశాడు, గోల్కొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. ఆ పనుల మధ్యనే చదివాడు, చదివింది తన దగ్గరే ఉంచుకోలేక 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చు వేశాడు. అచ్చు వేసి దుకాణంలో కూర్చోలేదు, మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. చదివేవాళ్ళు పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకమే వాళ్ళ దగ్గరికి నడవాలని ఆయనకు అప్పుడే తెలుసు.

ఆయనకు, దాశరథి కృష్ణమాచార్యకు కలిసి బోలెడు టైమ్ దొరికిన చోటు మన ఊళ్ళోనే ఉంది, ఖిల్లా జైలు. నిజాం సర్కారు 1948లో ఇద్దరినీ అక్కడ ఉంచింది. టైమ్ పుష్కలం, కాగితం కరువు. దాశరథి పళ్ళు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. తర్వాత తన 'అగ్నిధార'ను వట్టికోటకే అంకితం ఇచ్చారు. వట్టికోట ఆ జైలు బతుకుల నుంచి 'జైలు లోపల' కథలు రాశాడు. ఆయన నవల 'ప్రజల మనిషి' ఎక్కడైనా దొరుకుతుంది. రెండోది 'గంగు' మాత్రం పూర్తి కాలేదు, 1961లో ఆయన పోయాడు. నలభై అయిదేళ్ళ మనిషి. మన టైమ్ గురించి మనం బాధపడుతుంటే నాకు ఒక్కోసారి ఆ సగంలో ఆగిన నవల గుర్తొచ్చి కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియని కోపం.

ఇంకో ముచ్చట. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ పుట్టిన 1937లోనే ఆరో ఆంధ్ర మహాసభ మన నిజామాబాదులో, మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన జరిగింది. గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న కాలం, పదిమంది కూడాలంటే సర్కారు అనుమతి కావాలి. అట్లాంటి రోజుల్లో తెలుగు గ్రంథాలయం పెట్టడమంటే సాహసమే. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంతో మొదలై, ఊరూరా వాచనాలయాలు పెట్టుకుంటూ వచ్చినవాళ్ళకు అదే ఉద్యమం. మన ఊళ్ళో బాపూజీ వచనాలయం మెట్లెక్కినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు.

ఇప్పుడు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పొద్దున్నే పోయి చూడండి, కుర్చీ దొరకదు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్‌కు చదివే పిల్లలు టిఫిన్ డబ్బాలతో వచ్చి చీకటి పడేదాకా ఉంటారు. వాళ్ళది చదువు కాదని ముక్కు విరిచే పెద్దలతో నాకు పేచీ ఉంది. అంత నిష్ఠగా మనలో ఎవరం కూర్చున్నాం? కానీ తమాషా ఏమిటంటే, వట్టికోట ఆళ్వారుస్వామి వాళ్ళకు బాగా తెలుసు, ఒక మార్కు బిట్టుగా. గ్రంథమాల పెట్టిన సంవత్సరం నిద్రలో అడిగినా చెప్తారు. ఆయన నవల పక్క గదిలో బీరువాలో ఉన్న సంగతి తెలియదు. ఆ పిల్లల్లో ఎవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే, పరీక్ష మర్నాడు, ఫలితాల కోసం గుబులు మొదలవకముందు, ఆ బీరువా తెరిపించుకో తమ్ముడూ.

గ్రంథాలయం ఉచితంగా వచ్చిందని కూడా మొహమాటపడకండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. మీ రసీదు తీసి చూస్తే కనబడుతుంది. ఏటా కడుతూనే ఉన్నాం. కట్టిన డబ్బుకు పుస్తకం తెచ్చుకోకపోవడం, రేషను షాపులో బియ్యం వదిలేసి రావడం లాంటిది. సభ్యత్వం తీసుకోవడానికి పెద్ద తతంగం కూడా లేదు. గుర్తింపు కార్డు పట్టుకుని పోయి అడగండి. ఇంటికి తెచ్చిన పుస్తకానికి తిరిగి ఇవ్వాల్సిన తేదీ ఉంటుంది చూశారూ, అది నాకైతే బాగా పనిచేస్తుంది. కొనుక్కున్న పుస్తకానికి గడువు లేదు, అందుకే అది షోకేసులోకి పోతుంది.

వర్ని దగ్గరి క్యాంపు అమ్మాయికి విడిగా రెండు మాటలు. కొత్త కోడలు పుస్తకం పట్టుకుంటే అత్తగారింట్లో ఏమనుకుంటారోనని రాశావు. మీ అత్తగారికి చదవడం వస్తుందో లేదో నాకు తెలియదు. రాకపోతే, మధ్యాహ్నం ఆమె నడుం వాల్చిన వేళ ఆమె కోసమే చదువు. ఆమె ఊరి నుంచి, ఆమె కాలం నుంచి వచ్చిన కథ అయితే ఇంకా మంచిది. వస్తే, ముందు ఆమెకే ఇచ్చి, ఆమె అయ్యాక నువ్వు తీసుకో. ఇద్దరు చదివిన ఇంట్లో పుస్తకం మీద ఎవరూ ఏమీ అనరు.

షార్జా తమ్ముడూ, లారీ నడిపేటప్పుడు మాత్రం ఏదీ చదవకు. లోడింగ్ దగ్గర ఆగినప్పుడు చదువు, శుక్రవారం రూములో అన్నలకు గట్టిగా చదివి వినిపించు. ఊరికి వచ్చేటప్పుడు ఏం పుస్తకాలు కావాలో రాస్తే ఇక్కడ తీసి పెడతాను.

'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఎట్లా మొదలుపెట్టాలని అడిగినవాళ్ళకు: సురవరం ప్రతాపరెడ్డి గారి ఆ పుస్తకం మొదటి పేజీ నుంచే చదవాలని నియమం లేదు. తిండి, బట్టలు, ఆటలు, నమ్మకాలు, ఏది కనబడితే అది తెరవండి. కాంటా కోసం కూర్చున్న వేళకు నాలుగు పేజీలు చాలు.

ఈసారి మీ నుంచి నాకు కావలసిన సమాచారం ఒకటుంది. మీ ఊరి శాఖా గ్రంథాలయం ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికి మూస్తారు, నవలల బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పొలం నుంచో కార్ఖానా నుంచో వచ్చేవాళ్ళకు ఆ వేళలు కుదురుతాయా, రాసి పంపండి. బోధన్, ఎడపల్లి, రుద్రూరు, వర్ని, కోటగిరి దిక్కువి ముందు పంపితే మంచిది. అన్నీ కలిపి వేళలు మార్చమని జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒక అర్జీ పెడదాం. అర్జీ రాయడానికి నాకు టైమ్ ఉంది.

మీ
అక్క